గొడుగు విచ్చుకున్నప్పుడు కుక్క ఏం చేస్తుంది?

అమెరికాలో 1977లో ఏర్పడిన అమెరికన్ టెంపరమెంట్ టెస్ట్ సొసైటీ అనే సంస్థ కుక్కల స్వభావాన్ని పరీక్షిస్తుంది. 18 నెలలు నిండిన కుక్కని వదులు తాడుతో నడిపిస్తుంటే దారిలో ఒక్కో వింత ఎదురవుతుంది. ఒకచోట కనబడకుండా దాగిన మనిషి రాళ్లు వేసిన బకెట్‌ని గలగలలాడిస్తాడు. ఇంకోచోట వెనక నుంచి తుపాకీ చప్పుడు వినిపిస్తుంది. కుర్చీలో కూర్చున్న మనిషి చేతిలో గొడుగు టప్పున విచ్చుకుంటుంది. తర్వాత ప్లాస్టిక్ పట్టా మీద, ఇనుప జాలీ మీద నడవాలి. చివర్లో వింత వేషంతో, వింత నడకతో ఒక కొత్త మనిషి మీదికి వచ్చేలా కనిపిస్తాడు. అంతా కలిపి ఎనిమిది నుంచి పన్నెండు నిమిషాలు. అంతసేపూ యజమాని కుక్కతో ఒక్క మాట మాట్లాడకూడదు.

ఈ పరీక్షలో నాకు బాగా నచ్చిన విషయం ఒకటుంది. గొడుగు చూసి కుక్క ఉలిక్కిపడినా ఫెయిల్ చేయరు. ప్రాణమున్న ఏ జంతువైనా ఉలిక్కిపడుతుంది. ఆ తర్వాత తేరుకుందా, దగ్గరికి వెళ్లి వాసన చూసిందా, లేక వణుకుతూనే ఉందా, కారణం లేకుండా మీద పడిందా అన్నది చూస్తారు.

తేరుకునే ఈ గుణం కొంత పుట్టుకతో వస్తుంది, కొంత మొదటి వారాల్లో ఏర్పడుతుంది. అమెరికాలోని మెయిన్ అనే రాష్ట్రంలో, బార్ హార్బర్ ఊళ్లో జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ అనే శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి ఐదు జాతుల కుక్కపిల్లల్ని గమనించారు. సుమారు మూడో వారం నుంచి పన్నెండో వారం దాకా పిల్ల మెదడు లోకాన్ని ‘ఇది మామూలే’ అని నమోదు చేసుకుంటుందని తేల్చారు. 1961లో అక్కడినుంచే వెలువడిన మరో ప్రయోగంలో, 14 వారాల దాకా మనిషి స్పర్శ తెలియకుండా కంచె లోపల పెరిగిన కుక్కపిల్లలు ఆ తర్వాత ఎంత బుజ్జగించినా మనుషులతో మామూలుగా కలవలేకపోయాయి.

టీకాలన్నీ పూర్తయ్యేదాకా కుక్కపిల్లని గడప దాటించొద్దని మన ఇళ్లలో అనుకుంటారు. కుక్కపిల్లల ప్రాణం తీసే పార్వో వైరస్ భయం నిజమే. కానీ అప్పటికి లోకాన్ని మామూలుగా తీసుకునే ఆ మొదటి వారాల గడువు దాటిపోతుంది. మొదటి డోసు పడిన వారం తర్వాత, వీధి కుక్కలు తిరిగే నేల మీద దింపకుండా, ఒళ్లో పెట్టుకుని బజారు చూపించవచ్చు. హెల్మెట్ పెట్టుకున్నవాళ్లు, చేతికర్ర పట్టుకున్న తాతలు, ప్రెషర్ కుక్కర్ విజిల్, మిక్సీ మోత, ఆటోలు అన్నీ అప్పుడే పరిచయమైపోవాలి.

మా కుక్క రాణి ఆ వయసులో మాకు దొరకలేదు. ఐదో నెలలో అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోంచి తెచ్చుకున్నాం. గొడుగు కనిపిస్తే మంచం కిందికి దూరి అరగంట బయటికి వచ్చేది కాదు. అమెరికన్ కెన్నెల్ క్లబ్ 1989లో మొదలుపెట్టిన ‘కెనైన్ గుడ్ సిటిజన్’ పరీక్షలోని పది అంశాల్ని నేను ఇంట్లో కొలబద్దగా పెట్టుకున్నాను. కొత్తవాళ్లు పలకరించినా తలనిమిరినా ఊరుకోవడం, దువ్వించుకోవడం, గుంపులో నడవడం, చెప్పినప్పుడు కూర్చోవడం, పడుకోవడం, అక్కడే ఉండడం, పిలిస్తే రావడం, ఇంకో కుక్కని చూసి లాగకపోవడం, యజమాని కనబడకుండా మూడు నిమిషాలు ఉండడం వంటివి అందులో ఉంటాయి. పరీక్షలో తినేది ఏదీ ఇవ్వకూడదు.

మొదట మా మాటలే సరిచేసుకోవాల్సి వచ్చింది. మన తెలుగువాళ్లం కుక్కతో ఎక్కువగా ఇంగ్లీషులోనే మాట్లాడతాం. మా ఇంట్లో ఒకరు ‘సిట్’ అంటే ఇంకొకరు ‘సిట్ డౌన్’ అనేవారు. పరీక్షలో ‘సిట్’ అంటే కూర్చోవడం, ‘డౌన్’ అంటే పడుకోవడం. రెండూ కలిపి చెబితే కుక్క దేన్ని వినాలి? ‘కూర్చో’ అన్నా ఏ ఇబ్బందీ లేదు, ఇంటిల్లిపాదీ అదే మాట అనాలి, అంతే.

హాల్లో నేర్చుకున్న ‘కూర్చో’ గేటు దగ్గర పనిచేయదు. అది మొండితనం కాదు. కుక్క మాటని స్థలంతో, వాసనతో, మన నిలబడే తీరుతో కలిపి నేర్చుకుంటుంది. కొత్త చోట మళ్లీ మొదటి నుంచి నేర్పాలి. ‘అక్కడే ఉండు’ నేర్పేటప్పుడు సేపు, దూరం, చుట్టూ సందడి ఈ మూడింటిలో ఒక్కసారికి ఒక్కదాన్నే పెంచాలి. దూరం పెంచిన రోజు సేపు తగ్గించాలి. మెచ్చుకోలు సెకను రెండు సెకన్లలో అందాలి. ఆలస్యమైతే కుక్క లేచి నిలబడినందుకు బహుమతి దొరికిందనుకుంటుంది. పని బాగా పట్టుబడ్డాక బహుమతిగా తినే ముక్క ఇవ్వడం ఒకసారి ఇచ్చి రెండుసార్లు మానేలా తగ్గించుకుంటూ రావాలి.

భయం సంగతి వేరు, దానికి ఆజ్ఞలు పనికిరావు. రష్యన్ శాస్త్రవేత్త పావ్‌లోవ్ చూపించిన దారే ఇక్కడ పనికొస్తుంది. ముందు గొడుగు, వెంటనే చికెన్ ముక్క. ఈ వరుస తప్పకూడదు. మేము మూసిన గొడుగుని గదికి ఆ చివర పెట్టి మొదలుపెట్టాం. ఇష్టమైన ముక్క కూడా ముట్టుకోవడం లేదంటే మనం మరీ దగ్గరికి వచ్చేశామని అర్థం. ఎండ లేకపోయినా రొప్పడం, మాటిమాటికీ ఆవలించడం, పెదాలు నాక్కోవడం, ముఖం తిప్పుకోవడం కూడా టెన్షన్ గుర్తులే. అప్పుడు వెనక్కి జరగాలి. దీపావళి చప్పుళ్లకీ ఇదే పద్ధతి. రికార్డు చేసిన టపాకాయల మోతని వినీవినిపించనంత సన్నగా పెట్టి, నెలల ముందు నుంచే మొదలుపెట్టాలి.

గుర్రుమన్నందుకు మాత్రం ఎవరూ కొట్టకండి, చేతులెత్తి అడుగుతున్నాను. గుర్రు అంటే కుక్క ఇచ్చే హెచ్చరిక. దెబ్బకి భయపడి హెచ్చరిక మానేస్తుంది, లోపలి భయం అలాగే ఉంటుంది. తర్వాత చప్పుడు లేకుండా కరుస్తుంది.

మూడు నిమిషాల ఎడబాటు మాకు అన్నిటికన్నా కష్టమైంది. తలుపు వెనక్కి వెళ్లి రెండు సెకన్లలో తిరిగి రావడంతో మొదలుపెట్టాం. ఐదు, పది, మళ్లీ మూడు సెకన్లు. వెళ్లేటప్పుడు బతిమాలడం, వచ్చాక హడావిడి చేయడం రెండూ మానేశాం. ఏడో వారానికి రాణి గుమ్మం వైపు చూస్తూ ముందరి కాళ్ల మీద తల వాల్చి పడుకోవడం మొదలుపెట్టింది.

మొన్న వానలో వాచ్‌మన్ తాత దాని ముందే గొడుగు టప్పున తెరిచాడు. రాణి ఎగిరి నా కాళ్ల వెనక్కి వచ్చింది. నేనేమీ మాట్లాడలేదు. నాలుగైదు సెకన్లు ఆగి, మెడ చాచి, గొడుగు అంచు నుంచి కారుతున్న నీళ్లని వాసన చూసింది.