హామ్‌ట్రామిక్‌లో తెల్లవారు ఎందరు?

అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో హామ్‌ట్రామిక్ అనే చిన్న నగరం ఉంది. దాని విస్తీర్ణం రెండు చదరపు మైళ్లకు కాస్త ఎక్కువ. దాదాపు అన్ని వైపులా డెట్రాయిట్ నగరమే చుట్టుకుని ఉండటం వల్ల, ఒక వీధి దాటగానే ఊరు మారిందన్న సంగతి కొత్తవారికి తెలియదు. 2010 జనాభా లెక్కల ప్రకారం ఇక్కడ 22,423 మంది ఉండేవారు. వారిలో 53.6 శాతం తెల్లవారు, 21.5 శాతం ఆసియావారు, 19.3 శాతం నల్లవారు, 4.7 శాతం ఒకటికి మించిన జాతులు రాసుకున్నవారు, మిగిలిన కొద్దిమంది ఇతరులు. అమెరికాలో ఏ ఊరి గురించి వెతికినా ఇలాంటి నాలుగైదు శాతాల వరుస ఒకటి కనిపిస్తుంది. ఈ ఊరి వరకు వస్తే, సగానికి పైగా తెల్లవారు అన్న ఆ మొదటి అంకె దగ్గరే ఆగి, జనగణన పత్రంలోని ఆ గడిలోకి ఎవరెవరిని చేర్చారో చూడాలి.

1910లో ఇది 3,559 మంది ఉన్న పల్లె. ఆ ఏడాదే డాడ్జ్ సోదరులు ఇక్కడ తమ మోటారు కార్ఖానా నిర్మాణం మొదలుపెట్టారు. పనికోసం పోలండ్ ప్రాంతాల నుంచి జనం గుంపులు గుంపులుగా వచ్చి చేరడంతో 1920 నాటికి జనాభా 48,615కు, 1930 నాటికి 56,268కి పెరిగింది. చర్చిలు, బడులు, రొట్టెల దుకాణాలు, ఊరి రాజకీయాలు అన్నీ పోలిష్ భాషలో నడిచిన కాలం అది. తర్వాత పిల్లలు చదువుకుని శివార్లకు తరలిపోయారు, 1980 జనవరిలో కార్ఖానా కూడా మూతపడింది. చవకగా దొరికిన ఆ పాత చెక్క ఇళ్లలోకి యెమెన్ నుంచి వచ్చినవారు, 1990లలో యుద్ధం నుంచి తప్పించుకుని వచ్చిన బోస్నియావారు, బంగ్లాదేశీయులు ఒక్కొక్కరుగా చేరారు. నల్లవారి కథ వేరు. వారు ఇక్కడ ఎప్పటినుంచో ఉన్నవారే. పట్టణ పునర్నిర్మాణం పేరుతో నగరపాలక సంస్థ వారిని ఉద్దేశపూర్వకంగా ఇళ్ల నుంచి వెళ్లగొట్టిందని 1971లో ఫెడరల్ న్యాయమూర్తి డేమన్ కీత్ తీర్పు చెప్పారు. ఒక వర్గం శాతం ఎంత అన్న అంకె వెనుక వలస ఒక్కటే ఉండదని దీన్నిబట్టి తెలుస్తుంది.

ఈనాడు జోసెఫ్ కాంపౌ వీధిలో నడిస్తే, క్రైస్తవుల ఉపవాస దినాలకు ముందు పోంచ్కి అనే, లోపల తీపి కూరిన నూనె పిండివంట కోసం పోలిష్ దుకాణాల ముందు తెల్లవారకముందే బారులు కనిపిస్తాయి. మసీదు మైకుల్లో ఆజాన్ వినిపించడానికి 2004లోనే నగర కౌన్సిల్ అనుమతినిచ్చింది. కోనంట్ వీధి బోర్డుల మీద బెంగాలీ అక్షరాలు ఉంటాయి. 2015 ఎన్నికల్లో కౌన్సిల్‌లో ముస్లిములు అధిక సంఖ్యాకులయ్యారని పత్రికలు రాశాయి. అయితే ఊళ్లో ముస్లిములు ఎంతమంది అని అడిగితే అమెరికా జనగణన సమాధానం చెప్పలేదు, ఎందుకంటే మతం గురించి చెప్పి తీరాలని ఎవరినీ బలవంతపెట్టకూడదని అక్కడ 1976 నుంచి చట్టమే ఉంది. మతాన్ని తప్పకుండా రాసుకునే మన జనాభా లెక్కలకు అలవాటు పడ్డవారికి ఇది వింతగా తోస్తుంది.

ఇక ఆ మొదటి గడి సంగతి. ఐరోపా, మధ్యప్రాచ్యం, ఉత్తర ఆఫ్రికా ప్రాంతాల మూలవాసుల సంతతి అంతా తెల్లవారే అన్నది 2024 వరకు అమెరికా ప్రభుత్వపు నిర్వచనం. కాబట్టి మూడు తరాల కిందట పోలండ్ నుంచి వచ్చినవారి మనవరాలు, బోస్నియాలోని సరయేవో నుంచి వచ్చిన శరణార్థి, నిన్నగాక మొన్న యెమెన్ నుంచి వచ్చి కిరాణా కొట్టులో పనిచేస్తున్న యువకుడు, ముగ్గురూ అదే గడిలో టిక్కు పెట్టాల్సి వచ్చేది. 2020 పత్రంలో ఆ గడి కింద ఉదాహరణలుగా జర్మన్, ఐరిష్, ఇంగ్లిష్, ఇటాలియన్‌లతో పాటు లెబనీస్, ఈజిప్షియన్ అని కూడా అచ్చువేశారు. విచిత్రం ఏమిటంటే, ఇదే డెట్రాయిట్ ప్రాంతంలో 1942లో అహ్మద్ హసన్ అనే యెమెనీ అరబ్బు పౌరసత్వం కోరితే, అతడు తెల్లవాడు కాడంటూ ఫెడరల్ కోర్టు తిరస్కరించింది. వలస వచ్చినవారిలో ప్రధానంగా తెల్లవారికి, ఆఫ్రికా సంతతివారికి మాత్రమే పౌరసత్వం దక్కే ఆ రోజుల్లో కోర్టు కాదన్న గడిలోకే తర్వాతి కాలంలో జనగణన అతడి దేశస్థులను చేర్చింది.

భారతీయులకు ఈ తిరుగుడు కొత్తది కాదు. 1923లో, పౌరసత్వం కోరిన భగత్ సింగ్ థింద్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు భారతీయులు తెల్లవారు కారని తేల్చింది. 1920 నుంచి 1940 వరకు జరిగిన మూడు జనగణనల్లో భారతీయులను, వారిలో ఎక్కువమంది సిక్కులైనా సరే, హిందూ అనే జాతి కింద రాసుకున్నారు. 1970లో తెల్లవారిలో కలిపారు. 1980లో ఆసియన్ ఇండియన్ అనే గడి వచ్చింది. 1960ల నుంచి అక్కడే ఉన్న ఒక తెలుగు వైద్యుడు రంగు మార్చుకోకుండానే, ఇల్లు కూడా మారకుండానే పదేళ్లలో జాతి మారాడన్నమాట.

జాతి అన్న మన మాట కూడా ఇక్కడ కొంత చిక్కు తెచ్చిపెడుతుంది. తెలుగుజాతి అన్నప్పుడు భాష, జాతీయ జెండా అన్నప్పుడు దేశం, ఒంగోలు జాతి అన్నప్పుడు పశువుల సంతతి మన మనసులో మెదులుతాయి. ఈ చివరి అర్థమే అమెరికా గడులకు కూడా వర్తిస్తుందేమో అనుకోవడం సులభం. కానీ ఈ వర్గీకరణను శాస్త్రీయమైనదిగానో మానవశాస్త్ర సంబంధమైనదిగానో భావించకూడదని, దాన్ని రూపొందించిన 1977 నాటి ప్రభుత్వ ఉత్తర్వే చెప్పింది. మనుషుల మధ్య ఉన్న జన్యు వైవిధ్యంలో సుమారు 85 శాతం ఒకే జనసమూహం లోపల ఉంటుందని, జాతులుగా చెప్పుకునేవాటి మధ్య తేడా అందులో చాలా చిన్న వాటా అని జన్యుశాస్త్రవేత్త రిచర్డ్ లెవాంటిన్ 1972లో లెక్కగట్టాడు. పూర్వీకుల భూగోళం జన్యువుల్లో కొంత కనిపిస్తుంది, అది నిజమే. అయితే దానికీ ఈ గడుల హద్దులకూ పొంతన తక్కువ.

ఒక లెక్క వేసి చూద్దాం. ఊళ్లో ఇద్దరిని చీటీ తీసినట్టు ఎంచితే, వారు వేర్వేరు గడులకు చెందే అవకాశం ఎంత అన్నదాన్ని వైవిధ్య సూచిక అంటారు. ఒక్కో వర్గం వాటాను దానితో దానినే గుణించి, వచ్చిన అంకెలన్నీ కూడి, మొత్తాన్ని ఒకటి నుంచి తీసివేయాలి. హామ్‌ట్రామిక్ 2010 అంకెలతో చేస్తే 0.536 నుంచి 0.287, 0.215 నుంచి 0.046, 0.193 నుంచి 0.037, 0.047 నుంచి 0.002 వస్తాయి. కూడితే సుమారు 0.37, అంటే సూచిక 63 శాతం. ఇప్పుడు తెల్లవారి గడిని మధ్యకు చీల్చి, సగం ఐరోపావారికి, సగం అరబ్బులకు ఇచ్చామనుకోండి. ఇది కేవలం ఊహ, అసలు వాటాలు వేరుగా ఉండవచ్చు. అప్పుడు సూచిక ఏకంగా 77 శాతానికి ఎగబాకుతుంది. ఊరు అదే, వీధులు అవే, పత్రంలో ఒక్క గీత మాత్రం కొత్తది.

నిజంగానే అలాంటి గీత ఒకటి గీశారు. మధ్యప్రాచ్య, ఉత్తర ఆఫ్రికా సంతతికి వేరే గడి ఇవ్వాలని 2024 మార్చిలో అమెరికా ప్రభుత్వం తన ప్రమాణాలను సవరించింది. గడుల సంగతి అలా ఉంచి, ప్రశ్న వేసే పద్ధతి, జవాబులను వర్గీకరించే పద్ధతి మారినా అంకెలు కదులుతాయి. దేశమంతటా ఒకటికి మించిన జాతులు రాసుకున్నవారు 2010లో 90 లక్షలు ఉంటే 2020లో 3 కోట్ల 38 లక్షలయ్యారు. పదేళ్లలో అంతమంది పుట్టుకు రారు. ఈ పెరుగుదలలో చాలా భాగం పత్రంలోనూ, వర్గీకరణలోనూ చేసిన మార్పుల నుంచే వచ్చింది.

చిన్న నగరాలకు మరో ఇబ్బంది ఉంది. ఏటా జరిపే నమూనా సర్వేలో ఒక్క ఏడాది అంకెలను పూర్తి వివరాలతో 65,000 జనాభా దాటిన ప్రాంతాలకే ప్రచురిస్తారు. 2020లో 28,433 మంది ఉన్న హామ్‌ట్రామిక్ లాంటి ఊళ్లకు అంత వివరంగా దొరికేవి అయిదేళ్ల సమాచారాన్ని కలిపి వేసిన అంచనాలే. వలసలు జోరుగా సాగే ఊళ్లో అయిదేళ్లంటే ఒక బజారు రూపు మారేంత కాలం. ఈ మోటు అంకెలే నిత్యజీవితంలోకి దిగుతాయి. చట్టం పేర్కొన్న కొన్ని భాషా సముదాయాల్లో ఆంగ్లం సరిగా రాని ఓటర్లు ఒక హద్దు దాటితే వారి భాషలో ఎన్నికల సామగ్రి ఇవ్వాలి. ఆ లెక్క ప్రకారమే హామ్‌ట్రామిక్‌లో బ్యాలెట్లు బెంగాలీలో కూడా అచ్చవుతున్నాయి.

అదే సర్వేలో ఇంట్లో ఏ భాష మాట్లాడతారన్న ప్రశ్న ఉంటుంది. అమెరికాలోని తెలుగువారు తెలుగువారిగా కనిపించేది అక్కడే. జాతి గడిలో వారు ఆసియన్ ఇండియన్లు, పంజాబీలతో, గుజరాతీలతో కలిసిపోతారు. భాషల వివరమైన పట్టికలో సైతం 2016కు ముందు తెలుగు ఇతర ఆసియా భాషలు అన్న వరుసలో తమిళ, మలయాళాలతో పాటు మూటగట్టి ఉండేది, ఆ ఏడాది నుంచి దానికి సొంత వరుస దక్కింది. ఇంట్లో ఆంగ్లమే మాట్లాడే రెండో తరం పిల్లలు ఆ వరుసలోనూ ఉండరు.