అంచులు చదవడం ముందు నేర్చుకో

చి. బుజ్జికి, వాడి చెల్లెళ్లకీ తాతయ్య ఆశీస్సులు. ఉభయకుశలోపరి.

"కిట్‌లో రాసినట్టే చేశాను తాతయ్యా, ఫిల్ము కెమెరా కలర్ రీలు ఇంట్లో మందులతో కడిగితే ఒక్క బొమ్మా రాలేదు. కెమెరా పాడైందా, మందు పాడైందా?" అని అడిగావు. రీలు పారెయ్యలేదు కదా? కిటికీ దగ్గర పట్టుకుని చూడు. బొమ్మలుండాల్సిన చోటు కాదు, అంచులు. అక్కడి కంపెనీ పేరూ అంకెలూ ఫ్యాక్టరీలోనే వెలుగుతో ముద్రిస్తారు. డెవలపర్, అంటే బొమ్మని పైకి తెచ్చే మందు, పనిచేస్తేనే అవి పైకి తేలతాయి. అంకెలు స్పష్టంగా ఉండి మధ్యలో ఖాళీగా ఉంటే మందుది తప్పు కాదు, రీలు కెమెరాలో తిరగలేదు, లేదా షట్టర్ తెరుచుకోలేదు. అంకెలూ లేవంటే డెవలపర్ చచ్చిపోయినట్టు, లేదా డెవలపర్ తర్వాత పొయ్యాల్సిన బ్లిక్స్ని, అంటే ఫిల్ములో మిగిలిన వెండిని తీసేసే మందుని, తొందరలో ముందు పోసేసినట్టు. అప్పుడు ఆ రీలుకి నీళ్లొదులుకోవడమే.

మా రోజుల్లో ఈ గొడవంతా స్టూడియో వాళ్లది. రీలు ఇచ్చేసి ఎదురుచూడ్డమే మన పని.

అమ్మ పాలు తోడెయ్యడం చూశావుగా. గోరువెచ్చగా ఉండాలి. చల్లారితే తోడుకోవు, వేడెక్కువైతే విరిగినట్టవుతాయి. డెవలపర్ కూడా అంతే. 1972లో కొడాక్ తెచ్చిన సి-41 పద్ధతిలో 37.8 డిగ్రీల దగ్గర 3 నిమిషాల 15 సెకన్లు. అసలు లెక్కకి 0.15 డిగ్రీ కూడా తేడా రాకూడదు. ఇంట్లో అంత పట్టింపు కుదరదు, అర డిగ్రీ దాటనివ్వకు. ఫిల్ములో రంగుల పొరలు మూడు. మందు చల్లబడితే మూడూ ఒకేలా తోడుకోవు. నీడల్లో ఒక రంగు, వెలుగుల్లో ఇంకో రంగు తేలితే స్కానర్ దగ్గర ఎంత తంటాలు పడ్డా పూర్తిగా సరికావు. అందుకే సీసాల్ని మెడ వరకూ వేడినీళ్ల బకెట్లో ఉంచు, ట్యాంకులో (ఫిల్ము ఉంచి మందు పోసే, వెలుతురు చొరని డబ్బాలో) ముందు 38 డిగ్రీల నీళ్లు ఒక నిమిషం పోసి పారబొయ్యి. మందు పోశాక మొదటి 10 సెకన్లు ట్యాంకుని ఆపకుండా తలకిందులుగా తిప్పు, తర్వాత అరనిమిషానికోసారి నాలుగేసి తిప్పులు, మెల్లగా. ఊపేస్తే ఫిల్ము అంచు చిల్లుల పక్కన చారలొస్తాయి.

పాలల్లో నిమ్మచుక్క పడితే ఏమవుతుంది? డెవలపర్లో బ్లిక్స్ చుక్క పడినా అంతే. గరాటు వేరు, కొలపాత్ర వేరు, సీసా మూతలు కూడా మారకూడదు. పాలు తెరిచి వదిలేస్తే పులుస్తాయి. డెవలపర్ గాలి తగిలి కాఫీ రంగుకి తిరుగుతుంది. సీసాలో గాలి మిగలనివ్వకు. వంటింటి గిన్నెలు మాత్రం వీటి దగ్గరికి రానివ్వకు, చేతులకి గ్లవ్స్ ఉండాలి.

పాల పోలిక ఇక్కడ తప్పుతుంది. పెరుగు మళ్లీ పాలు కాదు. రీలు మాత్రం పాలపొరలా మసగ్గా, మబ్బుగా వచ్చిందనుకో, అందులో వెండి మిగిలిపోయిందన్నమాట. ఏడవక్కర్లేదు. కొత్త బ్లిక్స్‌లో వెలుతురులోనే మరో 8 నిమిషాలు ఉంచి బాగా కడిగితే తేటపడుతుంది. బ్లిక్స్ పోసిన కొత్తలో ట్యాంకు మూత పొంగితే కంగారుపడకు. మిగిలిన డెవలపర్ తగిలి గ్యాస్ పుడుతుంది, ఒకసారి మూత తీసి వదిలెయ్యి.

అక్కడక్కడా అర్ధచంద్రాకారంలో మచ్చలుంటే చేతి తప్పే, ట్యాంకులోకి ఎక్కించేటప్పుడు వెలుతురు చొరని చీకటిసంచిలో ఫిల్ము మడత పడింది. ఎండాకాలంలో చెమట చేతులకి స్పైరల్ (ట్యాంకులో ఫిల్ము చుట్టే చట్రం) మీద ఫిల్ము పట్టేసి ఎక్కదు. బలవంతం చెయ్యకు. పొర మీద పొర అంటుకుంటే అక్కడికి మందే చేరదు.

ఈసారి రీలు ముట్టకముందు ఒక పని చెయ్యి. వెలుతురు తగిలిన ఫిల్ము మొదటి ముక్క రెండంగుళాలు కత్తిరించి, పట్టపగలే వెచ్చటి డెవలపర్లో వెయ్యి. 3 నిమిషాల 15 సెకన్లలో అది ఎంత నల్లబడుతుందో చెల్లెళ్లనీ పక్కన కూచోబెట్టుకుని చూడు. నల్లబడకపోతే రీలు డబ్బాలోనే ఉండనీ, నాకు రాయి.

మీ
తాతయ్య