లాసిక్, స్మైల్, పీఆర్‌కే: ఏది ఎవరికి? కంటి లేజర్‌పై అపోహలు – వాస్తవాలు

విజయవాడ సూర్యారావుపేటలోనో, గుంటూరు కొత్తపేటలోనో కంటి ఆస్పత్రి మెట్లెక్కే కుర్రకారులో చాలామంది అద్దాల పవర్ తీసే లేజర్ ఆపరేషన్లలో ఏది కావాలో ముందే తేల్చుకుని వస్తారు. వీడియో చూసి ఉంటారు, రూమ్మేట్ చేయించుకుని ఉంటాడు, ఫలానా మెషిన్ కొత్తగా వచ్చిందని ఎవరో చెప్పి ఉంటారు. మెషిన్ పేరు మేం, అంటే కంటి డాక్టర్లం, చివర్లో చూస్తాం. ముందు చూసేది మీ కార్నియా, అంటే కంటి ముందుండే పారదర్శకపు పొర. దాని మందం ఎంత, ఆకారం ఎలా ఉంది, మీ పవర్ తీయడానికి అందులోంచి ఎంత ఖర్చవుతుంది, చివరికి ఎంత మిగులుతుంది? కింద రాసిన వాటిలో కొన్ని ఈ లెక్క చుట్టూ తిరిగేవే.

అపోహ: స్మైల్ వచ్చాక లాసిక్ పాతబడింది, పీఆర్‌కే అయితే మరీ పాతది

మూడూ నేటికీ రోజూ జరుగుతున్న ఆపరేషన్లే. ఏది ఎప్పుడొచ్చింది అన్నదానికంటే ఏది కంట్లో ఏం చేస్తుందో తెలుసుకుంటే మీకు ఉపయోగం.

పీఆర్‌కేలో కార్నియా పైచర్మాన్ని, అంటే సుమారు 50 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు) పొరను, తీసేసి కింద నేరుగా ఎక్సైమర్ లేజర్‌తో చెక్కుతారు. ఆ చర్మం నాలుగైదు రోజుల్లో తిరిగి వస్తుంది. అప్పటిదాకా కంటి మీద బ్యాండేజ్ లెన్సు ఉంచుతారు. లాసిక్‌లో 100 మైక్రాన్లకు కాస్త అటూఇటూ మందంలో ఒక మూత, అంటే ఫ్లాప్, కోసి పైకెత్తి, కింద ఎక్సైమర్‌తో చెక్కి, మళ్లీ మూసేస్తారు. ఫ్లాప్‌ను బ్లేడుతో కోస్తే మామూలు లాసిక్, ఫెమ్టో లేజర్‌తో కోస్తే ఫెమ్టో లాసిక్. ‘బ్లేడ్‌లెస్’ అని బోర్డుల మీద కనిపించేది ఇదే. స్మైల్‌లో ఫ్లాప్ ఉండదు. ఫెమ్టో లేజర్ కార్నియా లోపలే ఒక పల్చటి బిళ్లను గీస్తుంది. డాక్టర్ దాన్ని 2 నుంచి 4 మిల్లీమీటర్ల కోతలోంచి బయటికి లాగుతారు.

కాంటూరాను వేరే జాతి అనుకుంటారు, కాదు. అదీ లాసిక్కే, ఫ్లాప్ ఉంటుంది. లేజర్ ఎక్కడ ఎంత చెక్కాలన్న ప్లాన్‌ను మాత్రం కార్నియా ఎత్తుపల్లాల మ్యాప్ చూసి తయారుచేస్తారు. మ్యాప్‌లో ఎగుడుదిగుళ్లు ఉన్న కంటికి దీనివల్ల లాభం కనిపిస్తుంది, నున్నగా ఉన్న కంటికి తేడా తక్కువ.

అపోహ: స్మైల్‌లో కార్నియా తక్కువ ఖర్చవుతుంది

ఎక్కువగా వినేది ఇదే, ఎక్కువ పొరపడేదీ ఇక్కడే. ఒక కన్ను తీసుకుని లెక్క వేద్దాం. మందం 510 మైక్రాన్లు, పవర్ మైనస్ 6.

ఎక్సైమర్ లేజర్ 6.5 మిల్లీమీటర్ల వెడల్పులో ఒక్కో డయాప్టర్ (పవర్‌ను కొలిచే ప్రమాణం) తీయడానికి దాదాపు 14 మైక్రాన్లు చెక్కుతుంది. ఆరు పద్నాలుగులు 84. లాసిక్ అయితే 110 మైక్రాన్ల ఫ్లాప్‌ను కూడా పక్కన పెట్టాలి. ఒకసారి కోసిన ఫ్లాప్ కంటి బలానికి పెద్దగా ఉపయోగపడదు కాబట్టి. 510లోంచి 110, 84 తీసేస్తే ఫ్లాప్ కింద 316 మిగులుతుంది. 250కి తగ్గకూడదన్నది పాత నియమం, ఇప్పుడు చాలామంది 280 నుంచి 300 అయినా ఉండాలంటారు. మొత్తం మందంలో కదిలించిన భాగం 40 శాతం దాటకూడదన్నది మరో కొలత. ఇక్కడ అది 38 శాతం. చేయొచ్చు, కానీ గీత దగ్గరే ఉన్నాం.

అదే కంటికి పీఆర్‌కే అయితే ఫ్లాప్ లేదు, 84 మాత్రమే పోతుంది. పైచర్మం తిరిగి వచ్చేదే కాబట్టి కార్నియా మొత్తం 426 దగ్గర నిలుస్తుంది.

స్మైల్‌లో బిళ్ల అంచు మరీ పల్చగా ఉంటే లాగేటప్పుడు చిరుగుతుంది. అందుకని దానికి అడుగున మరో 10, 15 మైక్రాన్లు కలుపుతారు. ఈ పవర్‌కు బిళ్ల మందం 100 దాటి 120 వరకు వస్తుంది. పైన 120 మైక్రాన్ల కప్పు, 115 మైక్రాన్ల బిళ్ల అనుకుంటే కింద మిగిలేది 275. అంటే మైక్రాన్ల ప్రకారం స్మైల్‌కే ఎక్కువ ఖర్చు. మరి దాన్ని సమర్థించేవాళ్లు చెప్పేదేమిటంటే, ఫ్లాప్‌కు చుట్టూ 20 మిల్లీమీటర్ల కోత పడుతుంది, స్మైల్‌లో పడేది 2 నుంచి 4 మాత్రమే, కార్నియా బలం ఎక్కువగా పైపొరల్లోనే ఉంటుంది కాబట్టి అది చెక్కుచెదరదు అని. మాటలో న్యాయం ఉంది. కానీ స్మైల్ తర్వాత కూడా కార్నియా ఉబ్బిన కేసులు నమోదయ్యాయి. పల్చటి కార్నియాకు స్మైలే సరైనదని ఎవరైనా అంటే, మిగిలే మైక్రాన్లు ఎన్నో కాగితం మీద రాసిమ్మనండి.

ఇదే కంటికి పవర్ మైనస్ 8 ఉంటే లాసిక్‌లో పోయేది 222 మైక్రాన్లు, 43 శాతం పైనే. అక్కడ లేజర్ మాట వదిలేయడమే మేలు. ఐరిస్ (కంట్లోని రంగు వలయం) వెనక అమర్చే ఐసీఎల్ లెన్సు సంగతి చూడాలి. దానికి కంటి ముందు గదిలో లోతు కనీసం 2.8 మిల్లీమీటర్లు ఉండాలి. అందులో కార్నియా అరగదు, కావాలంటే లెన్సు తీసేయొచ్చు. కానీ అది కన్ను తెరిచి చేసే ఆపరేషన్. ఆ తర్వాత ఏటా పరీక్షలు తప్పవు.

అపోహ: పరీక్షల పేరుతో ఊరికే తిప్పుతారు, పవర్ చూసి లేజర్ చేసేయొచ్చు

సగం రోజు పట్టే ఈ పరీక్షల్లోనే చాలామందికి ‘వద్దు’ అన్న జవాబు వస్తుంది. అదే వాటి ప్రయోజనం.

మన ప్రాంతపు ఎండకు, దుమ్ముకు చిన్నప్పటి నుంచి కళ్లు దురద పెట్టే అలర్జీ చాలామందిలో ఉంటుంది. కన్ను నలుపుకోవడం అలవాటవుతుంది. ఏళ్ల తరబడి నలిపిన కన్ను కొందరిలో కెరటోకోనస్‌కు దారితీస్తుంది. కార్నియా మధ్యలో పల్చబడి శంకువులా ముందుకొస్తుంది. తొలిదశలో అద్దాలతో చూపు 6/6 కూడా ఉండొచ్చు. అద్దాల చీటీలోని సిలిండర్ పవర్ ఏటా పెరుగుతోందా, దాని యాక్సిస్, అంటే కోణం, మారుతోందా అన్నవే తొలి అనుమానాలు. పెంటాక్యామ్ లాంటి స్కాన్‌లో కార్నియా ముందు, వెనక రెండు వైపులా మ్యాప్ తీస్తే బయటపడుతుంది. ఇది ఉన్న కంటికి లాసిక్ చేస్తే రెండేళ్లలో చూపు అద్దాలకు కూడా అందకుండా పోవచ్చు. ‘పక్క ఆస్పత్రిలో చేస్తామన్నారు, మీరెందుకు వద్దంటారు’ అని అడిగేవాళ్లు ఈ ఒక్క మ్యాప్‌ను రెండుచోట్లా తీయించి పక్కపక్కన పెట్టుకుని చూడాలి.

ఆ మ్యాప్ నిజం చెప్పాలంటే కాంటాక్ట్ లెన్సులు ముందే మానేయాలి. మెత్తటివైతే రెండు వారాలు, గట్టివైతే కనీసం మూడు నాలుగు వారాలు. ‘నిన్ననే తీశానండి’ అంటూ వచ్చినవాళ్ల స్కాన్ తీయడం దండగ.

కంటిపాపను పెద్దది చేసే చుక్కల మందు వేసి రెటీనా కూడా చూస్తారు. ఆ పూట దగ్గరివి మసక, ఎండ భరించలేరు. బండి మీద రాకండి, తోడు ఒకరిని తెచ్చుకోండి.

అపోహ: లేజర్ అయ్యాక అద్దాల అవసరం జన్మలో ఉండదు

దూరపు చూపు సంగతైతే, 18 నిండి, ఏడాదిలో పవర్ 0.5 కంటే ఎక్కువ మారనివాళ్లకి ఫలితం చాలావరకు నిలుస్తుంది. ఇంకా పెరుగుతున్న పవర్‌కు లేజర్ చేస్తే, కన్ను పొడవు పెరగడాన్ని లేజర్ ఆపలేదు కనుక, మళ్లీ సైట్ వస్తుంది. గర్భిణులూ, పాలిచ్చే తల్లులూ ఆగాలి. ఆ నెలల్లో పవర్ కూడా, కంటి తడి కూడా మారతాయి.

చత్వారం వేరు. నలభై దాటాక కంటిలోపలి లెన్సు గట్టిపడటంవల్ల వచ్చేది అది. లేజర్ చెక్కేది కార్నియాను. ముఖ్యంగా 38, 40 ఏళ్లకు మైనస్ 2 ఉన్నవాళ్లు ఆలోచించుకోవాలి. ఇప్పుడు అద్దాలు తీసేసి పేపరు హాయిగా చదువుతున్నారు. లేజర్ తర్వాత ఆ సౌకర్యం పోతుంది, చదవడానికి అద్దాలు కావాలి.

చిన్నప్పటి నుంచి ఒక కన్ను సోమరిగా ఉండి, అద్దాలతో కూడా 6/12 దాటకపోతే, లేజర్ దాన్ని 6/6 చేయదు. అద్దాలిచ్చే చూపునే లేజర్ ఇస్తుంది.

అపోహ: మధ్యలో రెప్ప వేస్తే, కన్ను కదిపితే చూపు పోతుంది

రెప్పను క్లిప్పు పట్టుకుంటుంది, మొద్దుబార్చే చుక్కలు పడతాయి. ఎక్సైమర్ లేజర్‌కు ట్రాకర్ ఉంటుంది, కన్ను బాగా పక్కకెళితే లేజర్ దానంతటదే ఆగుతుంది. నిజంగా కదలకూడని ఘట్టం వేరే ఉంది. ఫెమ్టో లేజర్ కోసేటప్పుడు కంటిని ఒక కోన్ వాక్యూమ్‌తో పట్టుకుంటుంది. ఒత్తిడి తెలుస్తుంది, కొద్ది సెకన్లు చూపు మసకబారొచ్చు. స్మైల్‌లో ఇది పాత మెషిన్ల మీద అరనిమిషం, కొత్తవాటి మీద ఇంకా తక్కువ. ఆ సమయంలో తల జరిపితే, భయంతో కన్ను బిగిస్తే పట్టు జారుతుంది. అలా జారినా చూపు పోదు. కోత ఎంతవరకు వచ్చిందన్నదాన్ని బట్టి వెంటనే కొనసాగించడమో, ఫ్లాప్ పద్ధతికి మారడమో, కొన్ని వారాలు ఆగడమో చేస్తారు.

అపోహ: లేజర్ వల్ల కళ్లు జీవితాంతం పొడిబారతాయి

కార్నియా నరాలు తెగుతాయి కాబట్టి కొన్నాళ్లు కన్నీటి సిగ్నల్ తగ్గుతుంది. లాసిక్‌లో ఎక్కువ, స్మైల్‌లో కాస్త తక్కువ. ఎక్కువమందిలో మూడు నుంచి ఆరు నెలల్లో సర్దుకుంటుంది, కొందరిలో ఏడాది దాకా సాగుతుంది. ఆపరేషన్‌కు ముందే పొడిబారిన కళ్లతో వచ్చేవాళ్లే ఎక్కువ ఇబ్బంది పడతారు. ఏసీ గదిలో పది గంటలు ల్యాప్‌టాప్ చూసేవాళ్లు, మొటిమలకు ఐసోట్రెటినోయిన్ మాత్రలు మింగేవాళ్లు ఆ సంగతి దాచకుండా చెప్పాలి. ముందు ఆ పొడిని చికిత్సతో దారికి తెచ్చి, తర్వాత లేజర్.

అపోహ: రెండో రోజు నుంచి అన్నీ మామూలే

చూపు విషయంలో లాసిక్‌కు ఇది దాదాపు నిజం. స్మైల్ చూపు తేరుకోవడానికి మరో రెండుమూడు రోజులు ఎక్కువ పట్టొచ్చు. పీఆర్‌కేలో మొదటి మూడు రోజులు నొప్పి, నీళ్లు కారడం ఖాయం. చూపు కుదుటపడటానికి వారాలు పడుతుంది, స్టెరాయిడ్ చుక్కలు రెండుమూడు నెలల దాకా సాగుతాయి. ఆ చుక్కలు కొందరికి కంటి ప్రెషర్ పెంచుతాయి కాబట్టి మధ్యలో కొలిపించుకోవాలి. రెండు వారాల్లో అమెరికా విమానం ఉన్నవాళ్లకు అందుకే పీఆర్‌కే కుదరదంటాం. విమానం ఎక్కడం వల్ల ప్రమాదమేమీ లేదు, చెకప్‌లు ఆగిపోవడమే సమస్య.

చూపు వచ్చింది కదా అని పుండు మానలేదు. వారం పాటు తలస్నానం చేసేటప్పుడు కంట్లో నీళ్లు పడకూడదు, రాత్రి షీల్డ్ పెట్టుకోవాలి. నెల పాటు కృష్ణలో మునకలు, ఈతకొలను, కాటుక బంద్. గుంటూరు మిర్చి యార్డులో పనిచేసేవాళ్లు, కారం మిల్లుల దగ్గర ఉండేవాళ్లు సీజన్ అయిపోయాకే ముహూర్తం పెట్టుకోవాలి. కారం ఘాటుకు కన్ను నలిపితే ఫ్లాప్ ముడతలు పడుతుంది. ఏళ్ల తర్వాత కూడా గట్టి దెబ్బకు ఫ్లాప్ జరిగిన సందర్భాలున్నాయి. కబడ్డీ, బాక్సింగ్ ఆడేవాళ్లకు పీఆర్‌కే లేదా స్మైల్ సూచించేది అందుకే.

పెళ్లి ఉంటే లాసిక్, స్మైల్ అయితే కనీసం నెల ముందు, పీఆర్‌కే అయితే మూడు నెలల ముందు. తలంబ్రాలు, హోమం పొగ, కంటి మేకప్ అన్నీ ఒకేసారి మీద పడతాయి.

నందివర్ధనం పూల రసం, తేనె, చనుబాలు కంట్లో వేయడం ఇప్పటికీ చాలా ఇళ్లలో ఉంది. మానని కార్నియాకు అవి ఇన్ఫెక్షన్ తెచ్చిపెడతాయి. లాసిక్, స్మైల్ చేయించుకున్నవాళ్లకి రెండో రోజు తర్వాత నొప్పి పెరిగినా, పీఆర్‌కే వాళ్లకి తగ్గిన నొప్పి మళ్లీ మొదలైనా, ఎవరికైనా ఎరుపు పెరుగుతూ చూపు తగ్గినా ‘రేపు చూద్దాం’ అనుకోకుండా ఆ రాత్రే రావాలి.

అపోహ: లేజర్ చేయించుకుంటే సర్కారీ ఉద్యోగాలన్నింటికీ మెడికల్ పాసవుతారు

విజయవాడ జంక్షన్ చుట్టూ రైల్వే కోచింగ్ తీసుకునేవాళ్లు ఇది రెండుసార్లు చదవాలి. అసిస్టెంట్ లోకో పైలట్‌కు ఏ-1 మెడికల్. చూపు సరిచేసే లాసిక్‌లాంటి ఏ ఆపరేషన్ చేయించుకున్నా అనర్హులని నోటిఫికేషన్‌లోనే ఉంటుంది. స్కాన్‌లో దొరికిపోతుంది కూడా. సైన్యం, పోలీసు కొలువులకు ఒక్కోదానికి ఒక్కో నిబంధన. నోటిఫికేషన్ ప్రింటు తీసుకుని మా దగ్గరికి రండి, ఆపరేషన్ అయ్యాక కాదు.

అపోహ: ఇన్సూరెన్స్ వస్తుంది

పవర్ 7.5 డయాప్టర్ల లోపు ఉంటే ఆరోగ్య బీమా పాలసీల్లో ఇది మినహాయింపు, అంటే డబ్బు రాదు. ఆ పైన ఉన్నవాళ్లు పాలసీ చూసుకోవాలి.

అపోహ: సైట్ పోయింది కాబట్టి కన్ను మామూలైపోయింది, పెద్దయ్యాక శుక్లం ఆపరేషన్‌కు ఇబ్బందే ఉండదు

మైనస్ కన్ను పొడవైన కన్ను. లోపల రెటీనా సాగి పల్చబడే ఉంటుంది. లేజర్ ముందు భాగాన్నే మార్చింది. హఠాత్తుగా మెరుపులు, నల్లటి చుక్కల వాన, పక్కనుంచి తెర కమ్మినట్టు ఉంటే రెటీనా డాక్టర్ దగ్గరికి అదే రోజు వెళ్లాలి. పల్చబడ్డ కార్నియా మీద కంటి ప్రెషర్ అసలుకన్నా తక్కువ చూపిస్తుంది. గ్లకోమా పరీక్షకు వెళ్లినప్పుడు లేజర్ సంగతి చెప్పకపోతే జబ్బు తప్పించుకుంటుంది.

శుక్లం ఆపరేషన్ చేయించుకోవచ్చు, కానీ లోపల పెట్టే లెన్సు పవర్ లెక్క తప్పే అవకాశం పెరుగుతుంది. మామూలు ఫార్ములాలు చెక్కని కార్నియా కోసం రాసినవి. ఆ రోజుకి పనికొచ్చేవి నాలుగు కాగితాలు: లేజర్‌కు ముందు అద్దాల పవర్, కార్నియా వంపు కొలతలు (కే రీడింగులు), పెంటాక్యామ్ ప్రింటు, ఎన్ని మైక్రాన్లు తీశారన్న ఆపరేషన్ నోటు. డిశ్చార్జి రోజే అడిగి తీసుకోండి, ఫోనులో ఫొటో తీసి పెట్టండి. ముప్ఫై ఏళ్ల తర్వాత ఆస్పత్రి రికార్డు గదిలో మీ ఫైలు ఉంటుందన్న నమ్మకం పెట్టుకోవద్దు.