మూడో జనరేటర్ కొనాలా?

ఒక పాఠకుడి ప్రశ్న: "మా ఆసుపత్రిలో రెండు జనరేటర్లు ఉన్నాయండీ. కరెంటు పోయినప్పుడు ఒక్కొక్కటి నూటికి రెండుసార్లు స్టార్ట్ కాదనుకున్నా, రెండూ ఒకేసారి మొరాయించడం పదివేలకు నాలుగుసార్లే కదా. మూడోది కూడా కొనేస్తే ఇక టెన్షన్ ఉండదంటారా?"

గుణకారం సరిగ్గానే చేశారు. అయితే అలా గుణించే హక్కు మనకుందో లేదో చూడ్డానికే ఇంజనీర్లు ఫాల్ట్ ట్రీ గీస్తారు. 1962లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ పరిశోధనా సంస్థలో హెచ్. ఎ. వాట్సన్ మినిట్‌మ్యాన్ అనే క్షిపణి ప్రయోగ వ్యవస్థ కోసం మొదలుపెట్టిన పద్ధతి ఇది. జరగకూడనిది చెట్టు పైన, దాని కారణాలు కింద. ఏ ఒక్క కారణమైనా చాలు అంటే ఆర్ గేటు, అన్నీ కలిసి రావాలి అంటే అండ్ గేటు. ఆర్ గేటు దగ్గర కూడతాం (సంఖ్యలు చిన్నవైతే), అండ్ గేటు దగ్గర గుణిస్తాం. గీయడం సాఫ్ట్‌వేర్‌లో మౌస్‌తో అయిపోయే పని. దాని గురించి ఇంతే.

అసలు మజా డీజిల్ ట్యాంకు దగ్గర మొదలవుతుంది. రెండు జనరేటర్లకూ ట్యాంకు ఒకటే అనుకోండి. అందులో డీజిల్ లేకపోయే అవకాశం 0.001. జ1, జ2 అంటే ఆయా జనరేటర్ స్టార్ట్ కాకపోవడం, ట అంటే ట్యాంకు ఖాళీ కావడం. అప్పుడు చెట్టు ఇలా ఉంటుంది:

(జ1 + ట) × (జ2 + ట)

విడదీస్తే జ1×జ2 + జ1×ట + ట×జ2 + ట×ట. ట×ట అంటే ట్యాంకు ఖాళీ కావడం, ట్యాంకు ఖాళీ కావడం. రెండుసార్లు చెప్పినంత మాత్రాన ట్యాంకు రెండుసార్లు ఖాళీ కాదు, కాబట్టి అది ఒట్టి ట. ట ఒక్కటే పని కానిచ్చేస్తుంటే జ1×ట, ట×జ2 కూడా అనవసరం. మిగిలేది జ1×జ2 + ట. పైనున్నది జరగడానికి సరిపోయే ఇలాంటి అతి చిన్న కారణాల గుంపులనే మినిమల్ కట్ సెట్లు అంటారు. కాలేజీలో ఈ బూలియన్ (అవును-కాదు లెక్కల) సూత్రాన్ని ట్రూత్ టేబుల్‌తో బట్టీ పట్టిస్తారు, ఎందుకో మాత్రం చెప్పరు. ఇదిగో, ఇందుకు.

విలువలు వేస్తే 0.0004 + 0.001 = 0.0014. ఇప్పుడు సాఫ్ట్‌వేర్‌లో ఎవరో ఒక కొమ్మ కింద "ట్యాంకు", రెండో కొమ్మ కింద "డీజిల్ ట్యాంకు" అని టైపు చేశారనుకోండి. దానికి అవి రెండు వేర్వేరు సంఘటనలు. మాట్లాడకుండా ఒక్కో కొమ్మకు 0.02 + 0.001 వేసుకుని, 0.021ని 0.021తో గుణించి 0.00044 అని చూపిస్తుంది. ప్రమాదం మూడోవంతుకు పడిపోయింది, ఒక్క పేరు వల్ల! ఎర్ర గీత రాదు, హెచ్చరిక రాదు. పెద్ద చెట్టులో ఇది కంటికి దొరకడం కష్టం. పది ఆర్ గేట్లు, ఒక్కోదాని కింద పది కారణాలు, పైన అండ్ గేటు ఉంటే కట్ సెట్లు వెయ్యి కోట్లు. అందుకే ప్రోగ్రాములు జరిగే అవకాశం చాలా తక్కువున్నవాటిని మధ్యలోనే పారేస్తాయి, లేదా ఒక్కో కారణాన్నీ 'జరిగిందా, లేదా' అని వరసగా అడుగుతూ పోయే బైనరీ డెసిషన్ డయాగ్రమ్ అనే దారి పడతాయి.

చెట్టులో ఎవరూ రాయని ట్యాంకులు కూడా ఉంటాయి. 1975 మార్చి 22న అమెరికాలోని అలబామాలో, బ్రౌన్స్ ఫెర్రీ అణువిద్యుత్ కేంద్రంలో, గోడలోంచి గాలి లీకవుతోందేమో అని కొవ్వొత్తి మంటతో చూశారు. రంధ్రంలో కుక్కిన ఫోమ్ అంటుకుంది. సుమారు 1,600 కేబుళ్లు దెబ్బతిన్నాయి, మొదటి యూనిట్ అత్యవసర శీతలీకరణ వ్యవస్థలు పనికిరాకుండా పోయాయి. ఒకదానికి ఒకటి అండగా ఉండాల్సిన పరికరాల కేబుళ్లు ఒకే చోట నుంచి వెళ్లడమే కారణం.

ఇలాంటి ఉమ్మడి కారణాలకు బీటా అనే అంకె వాడతారు: వైఫల్యాల్లో ఇంత వంతు అన్నిటినీ కలిపి పడగొడుతుందని. మొదటి అంచనాకు తరచూ 10 శాతం వేస్తారు. మన జనరేటర్లకు 0.02లో పదో వంతు, 0.002. ఒకే మెకానిక్, ఒకే రోజు, రెండింటికీ ఒకేలాంటి నాసిరకం ఫిల్టర్ బిగిస్తే జరిగేది ఇదే. ఆయుధపూజ నాడు రెండింటికీ నిమ్మకాయలు కట్టడం బాగానే ఉంటుంది, బీటా మాత్రం తగ్గదు.

ఇక లెక్క: 0.02లోంచి ఆ 0.002 తీసేస్తే, విడివిడిగా పాడయ్యేది 0.018×0.018, అంటే సుమారు 0.0003. ట్యాంకు 0.001, ఉమ్మడి కారణం 0.002. మొత్తం 0.0033. మీరనుకున్నదానికి ఎనిమిది రెట్లు. మూడో జనరేటర్ కొంటే తగ్గేది ఆ మొదటి 0.0003 ఒక్కటే. మొత్తంలో పది శాతం కూడా కాదు. దాని బదులు రెండో జనరేటర్‌కి విడిగా ట్యాంకు పెట్టి, ఆ డీజిల్ కూడా విడిగా తెప్పించుకుంటే మొత్తం దాదాపు 29 శాతం తగ్గుతుంది. సర్వీసింగ్ రెండింటికీ వేర్వేరు వారాల్లో, వేర్వేరు మనుషులతో చేయించండి. పెద్ద వాటా అక్కడే ఉంది, ఖర్చేమో దాదాపు సున్నా.