రాజుగారి చేతిరాత: శాసనాలు, సనదుల (సర్కారు ఇచ్చిన హక్కు పత్రాల) మీద కొన్ని అపోహలు - వాస్తవాలు

అపోహ: హనుమకొండ వేయిస్తంభాల గుడి శాసనం కాకతీయ రాజు రుద్రదేవుడి చేతిరాత.

వాస్తవం: కాదు. దాన్ని రచించింది అచింతేంద్రుడనే కవి. మామూలుగా కవి కూర్చిన పాఠాన్ని ఒకరు రాతి మీద గీస్తే, ఆ గీతల వెంట మరొకరు ఉలి నడుపుతారు. అక్షరం ఎగిరిపోతే పంక్తి కింద ఇరికిస్తారు. శాసనాల్లో కనపడే తప్పుల్లో చాలావరకు ఈ చేతుల మార్పిడిలో వచ్చినవే. పాలంపేట రామప్ప శాసనం (1213) అయితే రాజు వేయించింది కూడా కాదు, సేనాని రేచర్ల రుద్రుడు వేయించాడు.

తేదీ దగ్గరా చాలామంది పొరపడతారు. వేయిస్తంభాల గుడి శాసనం శకవర్షం 1084, మాఘ మాసం. ఇంగ్లిషు ఏడు కోసం 78 కలిపి 1162 అనేస్తారు. మాఘం శక సంవత్సరం చివర్లో వస్తుంది, అప్పటికే ఇంగ్లిషు ఏడు మారిపోతుంది కనుక 79 కలపాలి: 1163 జనవరి.

అపోహ: రాజు సంతకమంటే ఆయన పేరే ఉండాలి.

వాస్తవం: విజయనగర రాజుల రాగిరేకుల్లో పాఠం నందినాగరి లిపిలో (దేవనాగరిని పోలింది) నడిచి, చివర కన్నడ లిపిలో పెద్దగా ‘శ్రీ విరూపాక్ష’ అని ఉంటుంది. అది దేవుడి పేరు, రాజు ఆమోదం. ఉత్తరాదిన హర్షుడి బాంస్‌ఖేరా రాగిరేకు (628) మాత్రం ‘ఇది నా స్వహస్తం’ అని ఆయన పేరుతోనే ముగుస్తుంది. మెలికలు తిరిగిన ఆ అక్షరాల సొగసు వేరు! వాటినీ రాగి మీద చెక్కింది పనివాడే.

అపోహ: మొహరులో (ముద్రలో) ఉన్న ఏడే సనదు రాసిన ఏడు.

వాస్తవం: పాత ఇళ్లలో దొరికే కాయితాల విషయంలో ఎక్కువ గొడవ ఇక్కడే. మొహరులోని హిజ్రీ ఏడు సాధారణంగా ఆ మొహరు చెక్కించినప్పటిది. 1329 (1911) అని ఉన్న మొహరును పదేళ్ల తర్వాత కూడా వేసి ఉండొచ్చు. కాయితం తేదీ కంటే మొహరు ఏడు కొత్తదైతేనే అనుమానించాలి. ఫసలీ ఏడుకు (శిస్తు లెక్కల్లో వాడే ఏడు) 590 కలిపితే ఇంగ్లిషు ఏడుకు దగ్గరికొస్తుంది. హిజ్రీకి ఆ కూడిక పనికిరాదు, దాని ఏడాది 354 రోజులే.

అపోహ: రాతి శాసనం మీద సుద్దపొడి రుద్దితే అక్షరాలు తేలతాయి.

వాస్తవం: పగుళ్లూ తేలతాయి, వాటినీ అక్షరాలుగా చదివేస్తాం. చీకటిపడ్డాక టార్చిని రాతికి దాదాపు ఆనించి పక్కనుంచి వేయండి, నీడలో గాటు స్పష్టంగా పడుతుంది. సనదు మడత విప్పడానికి మాత్రం తడి చేయొద్దు: మసి, బంక కలిపిన పాత సిరా నీటికి కరుగుతుంది, దస్కతే ముందు పోవచ్చు.