పెట్రోలు రేటు, కరెంటు బండి: షెడ్డులో రోజూ వినే అపోహలు - వాస్తవాలు

విశాఖ కంచరపాలెంలో నాది టూవీలర్ షెడ్డు. ఒకప్పుడు కార్బొరేటర్ క్లీనింగు, బోరు పని, క్లచ్ ప్లేట్లతోనే పొద్దు గడిచేది. ఇప్పుడు ఒకపక్క బీఎస్ 6 (కొత్త పొగ నిబంధనల) బండి ఉంటే ఇంకోపక్క కరెంటు స్కూటరు ఉంటోంది. పెట్రోలు రేటు కదిలినప్పుడల్లా బండి ఇచ్చి కూర్చున్నవాళ్ల మధ్య ఒకటే చర్చ: ఉన్నది అమ్మేయాలా, కరెంటుది కొనాలా, ఇంకేదో వస్తుందట కదా, ఆగాలా? ఎవరి తీర్పు వాళ్లు గట్టిగానే చెబుతారు. ఆ తీర్పుల్లో సగం ఫోన్లో చూసిన వీడియోలవే. నన్నడిగితే అందరికీ సరిపోయే జవాబు లేదు. నెలకి ఎన్ని కిలోమీటర్లు తిరుగుతారు, రాత్రి బండి ఎక్కడ పెడతారు అన్న రెండు ప్రశ్నలకి జవాబు చెబితే మిగతాది నేను చెప్పగలను.

అపోహ: రిఫైనరీ మన ఊళ్లోనే ఉంది కాబట్టి మనకి చౌకగా రావాలి.

మల్కాపురం మీదుగా వెళ్లే ప్రతివాడికీ వచ్చే అనుమానమే ఇది. 1957లో కాల్‌టెక్స్ మొదలుపెట్టిన ఆ రిఫైనరీ తర్వాత ప్రభుత్వం చేతికొచ్చి హెచ్‌పీసీఎల్‌ది అయింది. రిఫైనరీ మనదే గానీ అందులో శుద్ధి చేసే సరుకులో ఎక్కువ భాగం బయటిది. దేశం వాడే ముడిచమురులో 85 శాతం పైనే ఓడల్లో దిగుమతి అవుతుంది. కొనేది 159 లీటర్ల బ్యారెల్ లెక్కన, చెల్లించేది డాలర్లలో. తయారైన పెట్రోలుకి కూడా అంతర్జాతీయ మార్కెట్ చూసే ధర కడతారు. రిఫైనరీ పక్కన ఉన్నందుకు మనకి మిగిలేది ట్యాంకరు కిరాయి ఒక్కటే. విజయవాడ కంటే ఇక్కడ లీటరుకి ఒక రూపాయి అటూఇటూగా తగ్గేది అందుకే.

పెద్ద తేడా వచ్చేది పన్ను దగ్గర. కాకినాడ దాటి యానాం వెళ్తే బంకుల్లో ఆంధ్రా నంబరు బండ్లు బారులు తీరి కనిపిస్తాయి. యానాంలో రిఫైనరీ లేదు. అది పుదుచ్చేరి పాలనలో ఉంది, అక్కడ వ్యాట్ తక్కువ, అంతే. మన దగ్గర పెట్రోలు మీద 31 శాతం వ్యాట్, దానిపైన లీటరుకి 4 రూపాయలు, రోడ్డు సెస్సు మరో రూపాయి. కేంద్రం ఎక్సైజు లీటరుకి ఇంత అని స్థిరంగా ఉంటుంది. రాష్ట్రం వ్యాట్ శాతంలో ఉంటుంది కాబట్టి అసలు ధర 10 రూపాయలు పెరిగితే బంకులో 13 రూపాయల 10 పైసలు పెరుగుతుంది. తగ్గినప్పుడూ అదే లెక్కన తగ్గాలి. పెట్రోలు, డీజిలు ఇంకా జీఎస్టీలోకి రాలేదు కాబట్టి రెండు పన్నులూ విడివిడిగానే పడుతున్నాయి.

అపోహ: క్రూడ్ (ముడిచమురు) ధర పడిపోయినా రేటు దిగట్లేదంటే బంకువాడు మింగేస్తున్నాడు.

బంకు యజమానికి లీటరు మీద వచ్చే కమీషను నాలుగు రూపాయల అటూఇటూ. రేటు పెట్టే అధికారం అతనికి లేదు, అది ఆయిల్ కంపెనీలది. రోజూ రేటు మార్చే పద్ధతిని 2017 మే 1న ఐదు ఊళ్లలో ప్రయోగం చేసి చూశారు. వాటిలో మన విశాఖ ఒకటి. జూన్ 16 నుంచి దేశమంతా పెట్టారు. అంతకుముందు పదిహేను రోజులకోసారి మారేది.

2020 ఏప్రిల్‌లో అమెరికా క్రూడ్ ధర ఒకరోజు సున్నా కిందకి పడిపోయింది. మనకేం ఒరిగింది? మే నెలలో కేంద్రం పెట్రోలు మీద ఎక్సైజు 10 రూపాయలు, డీజిలు మీద 13 రూపాయలు పెంచింది. తగ్గాల్సిన మొత్తం పన్నులోకి పోయింది. తర్వాత 2021 నవంబరులో, 2022 మేలో రెండు విడతలుగా కొంత తగ్గించారు. రోజువారీ అని పేరే గానీ నెలల తరబడి పైసా కదలని రోజులు కూడా చూశాం. అది ఎన్నికల వల్లా, కంపెనీలు పాత నష్టాలు పూడ్చుకోవడం వల్లా అన్నది టీ కొట్టు దగ్గర మీరే తేల్చుకోండి.

బంకు గురించే ఇంకొన్ని, గబగబా. వందకి బదులు నూట పదికి కొట్టిస్తే ఎక్కువ రాదు, మీటరుకి మీ నోటు తెలీదు. తెల్లవారుజామున కొట్టిస్తే చిక్కగా వస్తుందన్నదీ అంతే, ట్యాంకు నేల లోపల ఉంటుంది, అక్కడ పొద్దుటికీ మధ్యాహ్నానికీ వేడిలో పెద్ద తేడా ఉండదు. ఎండాకాలం ట్యాంకు ఫుల్ చేయిస్తే పేలుతుందని ఏటా వచ్చే మెసేజ్ అబద్ధం. అనుమానం వస్తే ఐదు లీటర్ల కొలత పాత్ర అడగండి, ప్రతి బంకులోనూ ఉండి తీరాలి, మీ ఎదుట కొలిచి చూపించాలి.

అపోహ: విశాఖ కొండల కింద చమురు దాచారు కదా, రేటు పెరిగినప్పుడు వదిలితే సరి.

దాచిన మాట నిజం. ఇక్కడి భూగర్భ రాతి గుహల్లో 13.3 లక్షల టన్నుల క్రూడ్ పడుతుంది. మంగళూరు, పాదూరు కలిపి మూడు చోట్లా 53.3 లక్షల టన్నులు. అన్నీ నిండుగా ఉన్నా దేశానికి తొమ్మిదిన్నర రోజుల సరుకు. 2021 నవంబరులో అమెరికా వగైరా దేశాలతో కలిసి 50 లక్షల బ్యారెళ్లు వదులుతామని మన ప్రభుత్వం ప్రకటించింది. దేశం ఒక్కరోజులో తాగేసేది దాదాపు అంతే. ఆ గుహలు యుద్ధం వచ్చి ఓడలు ఆగినప్పటి కోసం. బంకు రేటు దింపడానికి చాలవు.

అపోహ: ఈ20 పెట్రోలు ఇంజిన్ని తినేస్తుంది. దీని ఎదురు అపోహ: ఏ తేడా ఉండదు.

రోజుకి ఒక్కరైనా దీని మీద నాతో వాదనకి దిగుతారు, అందుకే కాస్త వివరంగా. ఈ20 అంటే నూటికి ఇరవై పాళ్లు ఇథనాల్ (చెరకు, మొక్కజొన్న లాంటి పంటల నుంచి తీసే ఆల్కహాల్) కలిపిన పెట్రోలు. 2030కి అనుకున్న లక్ష్యాన్ని ముందుకి జరిపి 2025కే చేరుకున్నారు. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి పెట్రోలు కంటే మూడో వంతు తక్కువ. ఐదో వంతు అదే కలిసినప్పుడు మైలేజీ కొంత పడకుండా ఎలా ఉంటుంది? 2021లో నీతి ఆయోగ్ నివేదికే చెప్పింది: ఈ20 కోసం తయారుకాని టూవీలర్లకి 3 నుంచి 4 శాతం, అలాంటి కార్లకి 6 నుంచి 7 శాతం తగ్గుతుందని. అంటే 50 ఇచ్చే బండి 48 ఇస్తుంది. 50 ఇచ్చేది 35కి పడిపోయిందంటే మాత్రం నేరం ఇథనాల్ మీద వేయకండి. టైర్లలో గాలి, ఎయిర్ ఫిల్టరు, పట్టేసిన బ్రేకు చూపించుకోండి.

ఇంజిన్ సంగతికొస్తే, 2023 ఏప్రిల్ తర్వాత వచ్చిన బండ్లలో పైపులు, సీళ్లు ఈ20కి తట్టుకునేవే. పాత కార్బొరేటర్ బండ్లలో రబ్బరు పైపులు ఉబ్బడం, గాస్కెట్లు మెత్తబడటం నేను చూస్తూనే ఉన్నాను. మార్చడానికి పెద్ద ఖర్చేమీ కాదు, చూసుకోకుండా వదిలేస్తేనే ప్రమాదం. అసలు శత్రువు నీళ్లు. వర్షాకాలం డబ్బాలో ఉప్పు ఎలా తేమ లాక్కుంటుందో ఇథనాల్ అలాగే లాక్కుంటుంది. మన ఊరి గాలిలో తేమకి కరువు లేదు. నీళ్లు హద్దు దాటితే ఇథనాల్‌తో కలిసి ట్యాంకు అడుగుకి దిగుతాయి, పొద్దున్నే బండి స్టార్ట్ కాదు. నెలల తరబడి కదలని బండిలో సగం ట్యాంకు పెట్రోలు ఉంచకండి. పెట్రోల్లో కలపమని అమ్మే బుడ్డీల మీద పెట్టే డబ్బుతో కొత్త పైపు వస్తుంది.

మరి ఇథనాల్ కలిపాక రేటు ఎందుకు తగ్గలేదు? అదీ చౌక సరుకు కాదు కాబట్టి. 2024-25 సీజనుకి మొక్కజొన్న ఇథనాల్‌ని లీటరు 71.86 రూపాయలకి కొన్నారు. రైతుకి మంచిదే, దేశానికి డాలర్లు మిగులుతాయి, అదీ మంచిదే. మన జేబుకి మాత్రం ఇప్పటికి లాభం లేదు. ఈ మాట దాచకుండా చెబితే జనం ఇంత అనుమానపడరని నా ఉద్దేశం.

అపోహ: దిగుడులో న్యూట్రల్ వేస్తే పెట్రోలు మిగులుతుంది.

సింహాచలం ఘాట్ దిగేటప్పుడు కొందరు ఏకంగా తాళం తిప్పి ఇంజిన్ ఆపేస్తారు. కార్బొరేటర్ కాలంలో కాస్త మిగిలేదేమో. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్ 6 బండ్లు దాదాపు అన్నీ ఇంజెక్షన్‌వే, అంటే పెట్రోలు ఎంత చిమ్మాలో కంప్యూటరే చూసుకునేవి. గేరులో ఉంచి యాక్సిలరేటర్ పూర్తిగా వదిలితే కంప్యూటరు ఇంజెక్టర్‌ని మూసేస్తుంది, చుక్క కూడా పోదు. న్యూట్రల్ వేస్తేనే ఇంజిన్ ఆగకుండా ఉండటానికి పెట్రోలు పోయాల్సి వస్తుంది. పైగా ఇంజిన్ బ్రేకింగ్ పోయి భారమంతా బ్రేకు షూల మీద పడుతుంది.

అపోహ: కరెంటు బండికి ఖర్చే లేదు.

లెక్క వేద్దాం. నెలకి వెయ్యి కిలోమీటర్లు, ట్రాఫిక్కులో 45 మైలేజీ ఇచ్చే స్కూటరు, లీటరు 108 అనుకుంటే నెలకి 2,400 రూపాయలు. కరెంటు స్కూటరుకి చార్జింగులో పోయేది కలుపుకుని వంద కిలోమీటర్లకి నాలుగు యూనిట్లు వేయండి. వెయ్యికి నలభై. ఇక్కడే చాలామంది స్లాబు మరిచిపోతారు. ఇంటి వాడకం ఇప్పటికే 225 యూనిట్లు దాటి ఉంటే బండికి పోసే ప్రతి యూనిటూ 8.75 రూపాయల స్లాబులో పడుతుంది, దానిపైన సర్దుబాటు చార్జీలు. అయినా 350, 400 మధ్య తేలుతుంది. గాజువాక నుంచి మధురవాడకి రోజూ వెళ్లొచ్చేవాళ్లకి నెలకి రెండు వేలు మిగలడం అంటే చిన్న విషయం కాదు. రైతుబజారుకీ గుడికీ తిరిగి నెలకి రెండొందల కిలోమీటర్లు చేసే మాస్టారికి మిగిలేది నాలుగొందలు. ఆయన ఉన్న బండినే సర్వీసు చేయించుకుంటే మేలు.

సర్వీసు అక్కర్లేదన్నది కూడా ఉత్తిమాట. ఆయిలు, ప్లగ్గు ఉండవు, ఒప్పుకుంటా. బ్రేకులు, టైర్లు, బేరింగులు, సస్పెన్షన్ ఎక్కడికీ పోవు. లాసన్స్ బే, పెదజాలరిపేట వైపు నుంచి వచ్చే బండ్లలో కనెక్టర్లకి పచ్చగా చిలుము పడుతుంది. ఉప్పుగాలి పెట్రోలు బండి సైలెన్సర్‌ని తింటే, కరెంటు బండిలో పిన్నుల్ని తింటుంది. ఇక రేంజి, అంటే ఒక్క చార్జింగుకి వెళ్లే దూరం: బ్రోచర్లో రాసినదాంట్లో మూడింట రెండు వంతులు అనుకుని కొనండి. వెనక మనిషిని ఎక్కించుకుని ఎండాడ ఎత్తు ఎక్కితే ఆ రెండు వంతుల్లోనూ కోత పడుతుంది.

అపోహ: ఆ కరెంటు కూడా బొగ్గుదే, కాబట్టి అంతా ఒకటే.

పరవాడ దగ్గర సింహాద్రి థర్మల్ కేంద్రంలో 2,000 మెగావాట్లు బొగ్గుతోనే వస్తాయి. ఒక్క బొగ్గు లెక్కే తీసుకుంటే లాభం జనం అనుకునేంత పెద్దది కాదని నేనూ ఒప్పుకుంటాను. అయితే గ్రిడ్డులో సీలేరు, మాచ్‌ఖండ్ నీళ్ల కరెంటూ ఉంది, మధ్యాహ్నం పూట సోలారూ ఉంది. సింహాద్రి రిజర్వాయరు మీదే 2021 నుంచి 25 మెగావాట్ల తేలే సోలారు నడుస్తోంది. పెట్రోలు ఇంజిన్ తాగినదాంట్లో ముప్పాతిక దాకా వేడిగా వదిలేస్తుంది, మోటారు అలా కాదు. కొండల మధ్య గిన్నెలా ఉన్న ఊరు మనది, పొగ త్వరగా బయటికి పోదు. కాన్వెంట్ జంక్షన్లో రెడ్ సిగ్నల్ దగ్గర ఆగి చూడండి.

అపోహ: తుఫాను వచ్చి కరెంటు పోతే పెట్రోలు బండే దిక్కు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ చూసినవాళ్లు ఈ మాట అనకూడదు. బంకులో నేల కింది నుంచి పెట్రోలు తోడేదీ కరెంటు మోటారే. జనరేటరు ఉన్న బంకుల ముందు ఎంత బారులున్నాయో గుర్తులేదా? మేడ మీద సోలారు ఉంది కదా అంటారు కొందరు. మామూలుగా బిగించే సోలారు గ్రిడ్డు పోగానే తనూ ఆగిపోతుంది, లైనుమన్‌కి షాకు కొట్టకుండా. బ్యాటరీ ఉన్న ఇన్వర్టరు విడిగా పెట్టించుకుంటేనే పని చేస్తుంది.

అపోహ: పూడిమడకలో హైడ్రోజన్ వస్తోంది, అప్పటిదాకా ఆగుదాం.

అక్కడి హైడ్రోజన్ కేంద్రానికి 2025 జనవరి 8న ప్రధాని శంకుస్థాపన చేశారు, నిజమే. అక్కడ తయారయ్యేవి ఎక్కువగా మిథనాల్, యూరియా లాంటివి, అవి ఎగుమతికీ ఫ్యాక్టరీలకీ. మీ స్కూటరుకి కాదు. నీళ్లతో నడిచే బండి వీడియో మాత్రం నాకు పంపకండి. 1996లో మూలికా పెట్రోలు అని దేశాన్ని ఊపేసిన రామర్ పిళ్లైకి 2016లో కోర్టు మోసం కేసులో జైలుశిక్ష వేసింది.

అపోహ: బ్యాటరీ ఎప్పుడైనా పేలిపోతుంది.

2022 ఎండాకాలం దేశంలో చాలాచోట్ల బండ్లు తగలబడ్డాయి, ప్రాణాలు పోయాయి. ఆ దెబ్బకే బ్యాటరీ నిబంధనలు బిగించి, ఆ డిసెంబరు నుంచి, 2023 మార్చి నుంచి రెండు విడతల్లో అమలుచేశారు. అంతకుముందు తయారైన బండి సెకండ్ హ్యాండులో కొంటుంటే జాగ్రత్త. ఎండలో తిరిగొచ్చి వెంటనే చార్జింగు పెట్టకండి, అరగంట చల్లారనివ్వండి. మూడో అంతస్తు కిటికీలోంచి ఎక్స్‌టెన్షన్ వైరు వేలాడదీయకండి. సెల్లార్లో మీ మీటరు నుంచే ఎర్తింగుతో 16 ఆంపియర్ల సాకెట్ పెట్టించుకోండి. పాత బండి బేరం చేసేటప్పుడు బ్యాటరీ ఆరోగ్యం ఎంత శాతం ఉందో సర్వీసు సెంటర్ నుంచి రిపోర్టు తెమ్మనండి. తేనంటే బేరం అక్కడే ఆపేయండి.