రాగి ఉండ, గాలం, ఒక లెక్కల పుస్తకం: కావేరి మహసీర్ వెనుక కథ

కావేరిలో మహసీర్ చేపకు గాలం వేయాలంటే ముందు రాగి పిండి ఉడికించాలి. మన సీమ సంగటి కంటే గట్టిగా, పారే నీళ్లలో పడినా కరగనంత గట్టిగా. దాన్ని ఉండ చేసి కొక్కేనికి పట్టించి, బండల మధ్య సుడులు తిరిగే మడుగులోకి విసురుతారు. ఆ ఉండ కోసం వచ్చేది చిన్నాచితకా చేప కాదు. వీపు మీద ఎద్దు మూపురంలా ఎత్తు, చేతి వేళ్లంత పొలుసులు, బలమైన తోక. చచ్చిన జంతువులకు ప్రాణమున్న రూపం పోయడంలో పేరుపొందిన మైసూరు వాన్ ఇంగెన్ కుటుంబంలోని ఒకాయన 1946లో కబిని నదిలో పట్టిన మహసీర్ బరువు 120 పౌన్లు, అంటే 54 కిలోల పైమాటే. గాలానికి పడిన మహసీర్లలో అంతకంటే పెద్దది రికార్డుల్లో లేదు.

ఆ మూపు మహసీర్ ఇప్పుడు అంతరించిపోయే అంచున ఉంది. 2018లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం ఐయూసీఎన్ దాన్ని అత్యంత ప్రమాదంలో ఉన్న జీవుల జాబితాలో చేర్చింది. దీని గురించి మాట వచ్చినప్పుడల్లా రెండు వాదనలు వినిపిస్తాయి. సరదా కోసం చేపను గాలానికి వేలాడదీసే క్లబ్బులే పాపం చేశాయనేది ఒకటి. ఆ క్లబ్బుల్ని నది నుంచి వెళ్లగొట్టడమే కొంప ముంచిందనేది రెండోది. రెండిట్లోనూ కొంత నిజం ఉంది. ఆ నిజం ఎంతో తెలియాలంటే నూటయాభై ఏళ్ల వెనక్కి వెళ్లాలి.

మద్రాసు ప్రెసిడెన్సీలో హెన్రీ సలివాన్ థామస్ అనే సివిల్ సర్వీసు అధికారి ఉండేవాడు. దక్షిణ కన్నడ జిల్లాలో పని చేస్తూ అక్కడి నదుల్లో మహసీర్‌కు గాలం వేసేవాడు. ఆ మోజుతోనే 1873లో పుస్తకం కూడా రాశాడు. అతను సరదాతో ఆగలేదు. సన్నకన్ను వలలతో చేప పిల్లల్ని ఊడ్చేయడం, మడుగుల్లో విషం కలపడం చూసి, నదుల్లో చేప తగ్గిపోతోందని ప్రభుత్వానికి చెబుతూ వచ్చాడు. అదే కాలంలో ఫ్రాన్సిస్ డే అనే వైద్యుడు దేశమంతా తిరిగి చేపల జాబితా తయారు చేసి, అలాంటి హెచ్చరికే చేశాడు. ఇలాంటి నివేదికల తర్వాత 1897లో భారత మత్స్య చట్టం వచ్చింది. నీళ్లలో మందుగుండు పేల్చి చేపలు చంపడం, విషం కలపడం నేరాలయ్యాయి. మన కృష్ణా, గోదావరి, పెన్నా ఒడ్డున ఇప్పటికీ ఎవరైనా జిలెటిన్ స్టిక్ పేల్చి చేపలు పడితే, అది నూట పాతికేళ్లుగా నేరమే.

వేటగాళ్ల సంఘాల కథ కూడా అప్పుడే మొదలైంది. 1877లో ఊటీలో నీలగిరి గేమ్ అసోసియేషన్ పుట్టింది. రెండేళ్లకే, 1879లో, నీలగిరి వేట జంతువులు, చేపల రక్షణ చట్టాన్ని మద్రాసు ప్రభుత్వం తెచ్చింది. వేటకు లైసెన్సు, వేట నిషిద్ధ కాలం లాంటి కట్టుబాట్లు అలా వచ్చాయి. ఇక్కడ ఒక మాట దాచకూడదు. ఆ రక్షణ ముందుగా తెల్ల దొరల తుపాకీ కోసం. అడవిలో తరతరాలుగా ఉచ్చు పన్ని తిన్న గిరిజనుడు ఆ రోజు నుంచి దొంగ అయ్యాడు. అయినా ఆ సంఘం పోలేదు. మనుషులు మారారు, పని మారింది. ఇప్పుడు దాని పేరు నీలగిరి వైల్డ్‌లైఫ్ అండ్ ఎన్విరాన్‌మెంట్ అసోసియేషన్. ఆ సంఘంలో పని చేసిన ఈ.ఆర్.సి. డేవిడార్ అనే న్యాయవాది తుపాకీ వదిలేసి కొండల వెంట నడిచి నీలగిరి తార్ అనే కొండమేకలను లెక్కపెట్టాడు. 1975లో ఆయన చేసిన అధ్యయనాన్ని గౌరవిస్తూ తమిళనాడు ప్రభుత్వం అక్టోబర్ 7ను నీలగిరి తార్ దినంగా ప్రకటించింది. వేటకు పుట్టిన సంఘం లెక్కల సంఘంగా మారడం నాకు చిన్న విషయంగా కనబడదు.

మళ్లీ కావేరికి వద్దాం. 1931 నాటికి కృష్ణరాజసాగరం, 1934లో మెట్టూరు డ్యాం పూర్తయ్యాయి. వానాకాలం నీటితో పైకి ఎదురీది గులకరాళ్ల మీద గుడ్లు పెట్టే చేపకు దారి మూసుకుపోయింది. దేశానికి స్వాతంత్ర్యం వచ్చాక గాలం దొరలు వెళ్లిపోయారు. నది మీద కన్నేసి ఉంచేవాళ్లు లేరు. తోటాలు పేల్చేవాళ్లకు అడ్డులేకుండా పోయింది. కావేరి మహసీర్ ఇక లేదనే చాలామంది అనుకున్నారు. 1977–78 శీతకాలంలో ముగ్గురు ఇంగ్లిష్ యువకులు వచ్చి, మైసూరు పక్క నదుల్లో తిరిగి పెద్ద చేపలు ఇంకా ఉన్నాయని గాలం వేసి చూపించారు.

అప్పటికే బెంగళూరులో ఒక క్లబ్బు ఉంది. పేరు వైల్డ్‌లైఫ్ అసోసియేషన్ ఆఫ్ సౌత్ ఇండియా. పుట్టింది 1972లో. వన్యప్రాణి రక్షణ చట్టం వచ్చిందీ ఆ ఏడాదే. ఈ క్లబ్బు కావేరిలో కొంత మేర నదిని ప్రభుత్వం నుంచి లీజుకు తీసుకుంది. తర్వాత కర్ణాటక ప్రభుత్వ సంస్థ జంగిల్ లాడ్జెస్ భీమేశ్వరి, గాలిబోరె, దొడ్డమాకళి దగ్గర గాలం క్యాంపులు నడిపింది. కొడగులోనూ ఇలాంటి క్లబ్బు ఒకటి వాల్నూరు దగ్గర కావేరిని కాపాడుతూ వచ్చింది.

ఈ క్లబ్బులు ఊళ్లలో చేసిన పని గురించి ఎంత చెప్పినా తక్కువే. పట్టిన చేపను తూచి, కొలిచి, తిరిగి నీళ్లలో వదలాలి అనే నియమం పెట్టారు. పర్మిట్ డబ్బుతో వాచర్లను పెట్టుకున్నారు. ఆ వాచర్లు ఎక్కడినుంచి వచ్చారు? చుట్టుపక్కల ఊళ్ల నుంచే. వాళ్లలో కొందరు నిన్నటిదాకా దొంగచాటుగా అదే చేపను పట్టి అమ్మినవాళ్లు. ఏ మడుగులో ఏ బండ కింద చేప ఉంటుందో వాళ్లకు తెలిసినంత ఎవరికి తెలుస్తుంది? వాళ్లే గైడ్లయ్యారు, పుట్టి నడిపారు, రాగి ఉండ చేశారు. రాత్రి పూట నదిలో పేలుడు శబ్దం వినబడితే పరుగెత్తిందీ వాళ్లే. చచ్చిన చేపకు ఒక్కసారే డబ్బు వస్తుంది, బతికిన చేపకు ఏటా వస్తుంది అనే లెక్క ఆ ఊళ్లకు అర్థమైంది. అటవీ శాఖ సిబ్బంది చేరలేని చోట ఈ ఏర్పాటు నదిని కాచింది. ఇది నేను మనస్ఫూర్తిగా నమ్మే మాట.

కానీ ఆ మంచి మనసుతోనే ఒక పెద్ద తప్పూ జరిగిపోయింది.

చేప తగ్గుతోందంటే ఏం చేయాలి? పిల్లల్ని తెచ్చి వదలాలి. అందరికీ తోచే మాటే. మహారాష్ట్రలోని లోణావళా దగ్గర టాటా విద్యుత్ కంపెనీ హ్యాచరీలో మహసీర్ పిల్లల్ని పెంచేవారు. 1970ల నుంచి అక్కడి పిల్లలు దేశంలో ఎన్నో నదులకు, జలాశయాలకు వెళ్లాయి. కావేరికీ వచ్చాయి. క్లబ్బులు వదిలాయి, ప్రభుత్వాలూ వదిలాయి. పిల్లల్ని వదిలే రోజు అందరికీ పండగే. ఒడ్డున నిలబడి బకెట్ వంచితే పుణ్యం చేసినట్టే అనిపిస్తుంది.

ఆ పిల్లలు మూపు మహసీర్‌వి కావు. నీలి రెక్కల మహసీర్, టోర్ ఖుద్రీ అనే వేరే జాతి. 1839లో సైక్స్ అనే ఇంగ్లిష్ సైనికాధికారి దాన్ని మొదట వర్ణించింది పుణె దగ్గరి ములా–ముఠా నీళ్లలో. ఆ నీళ్లు భీమాలో కలుస్తాయి, భీమా కృష్ణలో కలుస్తుంది. అంటే అది మన కృష్ణమ్మ చేప. కృష్ణలో అది సొంతింటి బిడ్డ, కావేరిలో పరాయిది. కావేరిలో అది బాగా పెరిగింది, గుడ్లు పెట్టింది, విస్తరించింది. మూపు చేప మాత్రం ఏటికేడు తగ్గింది. మహసీర్ అంటే మహసీరే కదా అని అప్పట్లో అందరూ అనుకున్నారు. అందుకే ఎవరినీ నిందించాలనిపించదు. కానీ నష్టం నష్టమే.

ఇక నిషేధం. 1972 చట్టంలో మొదట జంతువు అనే మాటకు ఇచ్చిన అర్థంలో చేప లేదు. 2002 సవరణ చేపను చేర్చింది. అది 2003లో అమల్లోకి వచ్చింది. చట్టంలో వేట అంటే చంపడం ఒక్కటే కాదు, పట్టడం కూడా. కాబట్టి అభయారణ్యంలో గాలం వేసి, తూచి, వదిలేసినా అది వేటే. భీమేశ్వరి నుంచి గాలిబోరె దాకా నది కావేరి వన్యప్రాణి అభయారణ్యంలోనే ఉంది. కొన్నేళ్ల తర్జనభర్జన తర్వాత 2012 నాటికి క్యాంపుల్లో గాలం ఆగిపోయింది. చట్టం మాట స్పష్టంగా ఉంది, దాన్ని తప్పుపట్టను. గాలం పోతే దాంతోపాటు వచ్చిన కాపలా ఏమవుతుంది, గైడ్లు ఏం చేస్తారు, వాళ్ల చోట రాత్రి పూట ఒడ్డున ఎవరుంటారు అనే ప్రశ్నలకు ముందే జవాబు సిద్ధం చేసుకోకపోవడం మాత్రం బాధగా ఉంది.

గాలిబోరె క్యాంపులో మాత్రం ఒక మంచి అలవాటు ఉండేది. ఎన్ని గంటలు గాలం వేశారు, ఏ చేప పడింది, బరువెంత అని పుస్తకంలో రాసేవారు. 1998 నుంచి 2012 దాకా ఆ పుస్తకాల్లో ఆరు వేలకు పైగా చేపల వివరాలున్నాయి. ఏడ్రియన్ పిండర్, రాజీవ్ రాఘవన్ లాంటి శాస్త్రవేత్తలు వాటిని ముందేసుకుని లెక్క కట్టారు. మొత్తం చూస్తే గాలానికి పడే చేపలు పెరిగాయి. కాపలా ఫలించిందనే అనిపిస్తుంది. విడదీసి చూస్తే పెరిగింది నీలి రెక్కల చేప. మూపు చేప పడటం తగ్గింది, పడ్డవాటి సైజు మాత్రం పెరుగుతూ పోయింది. పెద్ద చేపలు పడుతున్నాయంటే గాలం వేసేవాడికి సంబరమే. ఆ సైజు వెనుక అర్థం వేరు. పిల్లలు రావడం లేదు, ముసలి చేపలే మిగిలాయి. పిల్లల కేకలు లేని ఊళ్లో వయసుల సగటు పెరిగినట్టు.

2015లో ఈ సంగతి బయటికి వచ్చేటప్పటికి మూపు మహసీర్‌కు సరైన శాస్త్రీయ నామం కూడా లేదు. ప్రపంచమంతా ఫొటోల్లో చూసిన చేప ఏ జాతో తేలలేదు. కేరళలో పాంబార్ అనే కావేరి ఉపనది పాయలో దొరికిన చిన్న చేపలకు, రమాదేవి అనే మత్స్య శాస్త్రవేత్త గౌరవార్థం టోర్ రెమాదేవీ అని అంతకుముందే పేరు పెట్టారు. మోయారు నదిలో మిగిలిన కొద్ది చేపల్ని కూడా పరిశీలించాక, మూపు మహసీర్, ఆ చేప ఒకటేనని 2018లో తేల్చారు. పేరు ఖాయమైన ఏడాదే అది అత్యంత ప్రమాద జాబితాలోకి ఎక్కింది. అదే ఏడాది నీలి రెక్కల మహసీర్‌కు పెద్దగా ప్రమాదం లేదని జాబితా మార్చారు.

ఇప్పుడు అదే కావేరి అభయారణ్యంలో మేకెదాటు దగ్గర 67 టీఎంసీల జలాశయం కట్టాలని కర్ణాటక పట్టుబడుతోంది. దాదాపు 5 వేల హెక్టార్లు మునుగుతాయని ప్రాజెక్టు నివేదికే చెబుతోంది. అందులో ఎక్కువ భాగం అడవే. బెంగళూరుకు తాగునీరా, తమిళనాడు వాటానా అనే గొడవ కోర్టుల్లో, టీవీల్లో నడుస్తోంది. చేప సంగతి ఎత్తేవాళ్లు తక్కువ. ఎత్తినా, ఆ మడుగుల్లో ఏ చేప ఎంత ఉండేదో ఏళ్ల తరబడి వరసగా రాసిన లెక్క ఎక్కడుందని వెతికితే, దొరికేది గాలిబోరెలో పుట్టివాళ్లు, గైడ్లు తూచి చెబితే రాసుకున్న ఆ పుస్తకాలే. వాటిలో చివరి పేజీ 2012ది.